మీ పేరు చెప్పండి, ముఖం గుర్తుపట్టలేను

ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. నా జబ్బు సంగతి మొదలుపెట్టగానే ఎదుటివాళ్ల గొంతు మారిపోతుంది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడతారు. అంత అవసరం లేదు. తింటున్నాను, నిద్రపోతున్నాను, రోజూ పనికి వెళ్తున్నాను. పోయిందల్లా ఒక్కటే. మనిషి ముఖం చూసి, ఎవరో చెప్పలేను. ఇది రాయడం కొంత నా మనసు కుదుటపడటానికి. కొంత, ఇలాంటి జబ్బు ఒకటుందని తెలియక మా ఇంట్లో పడ్డ పాట్లు ఇంకో ఇంట్లో పడకూడదని.

నా పేరు కరుణ. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మాకో ఫొటో స్టూడియో ఉంది. మాకు అంటే నాకూ యాదగిరన్నకూ. ఆయనది ఈ ఊరే, స్టూడియో పెట్టింది కూడా ఆయనే. నేను మొదట పనికి చేరాను. కంప్యూటర్లు వచ్చాక ఫొటోలు సరిచేయడం, ప్రింటు తీయడం అంతా నా చేతికి వచ్చి, మెల్లగా భాగస్తురాలినయ్యాను. మావారు జాన్ బాబు పంజాగుట్టలో ఒక కొరియర్ ఆఫీసులో సూపర్‌వైజరు. మా ఇద్దరిదీ తెనాలి దగ్గర. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి ఎర్రగడ్డలో ఉండిపోయాం. మా అమ్మాయి గ్రేసికి అప్పుడు తొమ్మిదేళ్లు.

అప్పుడు అంటే పంజాగుట్టలో ఫ్లైఓవర్ కడుతున్న రోజులు. కోచింగ్ సెంటర్లలో ఒక బ్యాచ్ వదిలి ఇంకో బ్యాచ్ మొదలయ్యేటప్పుడు మా సందులో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. జావా నేర్చుకునే పిల్లలు, టెస్టింగ్ నేర్చుకునే పిల్లలు, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు. అందరికీ ఫొటోలు కావాలి. వాళ్లలో నాకున్న పేరేమిటంటే, నేను రసీదు అడగను. తలుపు దగ్గర మనిషి కనబడేసరికి ఆ మనిషి కవరు నా చేతిలో ఉండేది. రెండేళ్ల కిందట ఒక్కసారి వచ్చిన పిల్లని కూడా, "బరువు తగ్గావేంటమ్మా" అని పలకరించేదాన్ని. దూరపు ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు, ఈ ఊళ్లో తమని గుర్తుపట్టే మనిషి ఒకరున్నారని ఊరికే వచ్చి కాసేపు కూర్చుని వెళ్లేవాళ్లు.

ఆగస్టులో నాకు జ్వరం వచ్చింది. వానలు పడుతున్నాయి, కాలనీ అంతా జ్వరాలే, మాత్ర వేసుకుని పడుకున్నాను. మూడో రోజుకి తల పగిలిపోయే నొప్పి. నాలుగో రోజు సాయంత్రం గ్రేసి స్కూలు నుంచి వచ్చేసరికి నేను వంటింట్లో పాలగిన్నెలో బియ్యం పోసి కడుగుతున్నానట. పిలిస్తే సంబంధం లేని మాటలు చెప్పానట. గ్రేసి ఎదురింటికి పరుగెత్తి వాళ్లని తీసుకొచ్చేలోపు నేను కిందపడి కొట్టుకుంటున్నాను. ఇవేవీ నాకు గుర్తులేవు, తర్వాత విన్నవే. చదివేవాళ్లకి ఒక్కటి చెప్పాలి. జ్వరంలో మనిషి మాట తేడా వస్తే తెల్లారే దాకా చూద్దాం అనుకోకండి. మావాళ్లు ఆ సాయంత్రమే పంజాగుట్టలో ఆస్పత్రికి చేర్చబట్టి నేనిది రాస్తున్నాను.

మెదడువాపు అన్నారు. పదకొండు రోజులు నాకు లెక్కలో లేవు. ఆ రోజులన్నీ మావారివే. ఐసీయూ బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని, మైకులో పేషెంటు పేరు పిలిచినప్పుడల్లా లేచి నిలబడేవారట, ఎవరి పేరైనా సరే. పక్క కుర్చీలో ఒకావిడ, ఆవిడ తమ్ముడూ లోపలే ఉన్నాడు, రోజూ పొద్దున ఫ్లాస్కు మూతలో టీ పోసి ఏమీ మాట్లాడకుండా ఈయన చేతికిచ్చేదట. ఒకరోజు ఆవిడ రాలేదు. ఏమైందో అడగడానికి పేరు కూడా తెలియదు. "ఆవిడ ముఖం మాత్రం చచ్చేదాకా మర్చిపోను" అంటారు మావారు. అని, నా వైపు చూసి ఆగిపోతారు.

నాకు తెలివి వచ్చిన రోజు మంచం పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. నేను లాక్కున్నాను.

"కరుణా" అన్నాడు. గొంతు మావారిది.

నేను ఆ నోటిని చూశాను. మీసం చూశాను. గడ్డం పెరిగి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. కాని ఆ గొంతు ఆ ముఖంలోంచి ఎందుకు వస్తోందో అర్థం కాలేదు. ఎవరో మావారి గొంతు పెట్టుకుని వచ్చారనిపించింది. భయమేసి కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకోగానే ఆయనే మావారు. చెయ్యి కూడా ఆయనదే, బొటనవేలి పక్కన పార్సిళ్ల తాడు ఒరుసుకుని కాయ కాచిన చోటుతో సహా. అలా కళ్లు మూసుకుని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. బలహీనత వల్ల ఏడుస్తోందని నర్సు అంది.

కంటి డాక్టరు అక్షరాల బోర్డు చూపిస్తే చివరి వరస దాకా చదివాను. తర్వాత మెదడు డాక్టరమ్మ వచ్చి కొన్ని ఫొటోలు చూపించి, కుర్చీ లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పింది. కళ్లు బాగానే ఉన్నాయట. ముఖాలని గుర్తుపట్టడానికే మెదడులో కొంచెం చోటు ప్రత్యేకంగా ఉంటుందట, జ్వరం ఆ చోటుని దెబ్బతీసిందట. మామూలు మనుషులు ముఖాన్ని ముక్కలుగా చూడరు, ఒక్కసారిగా మొత్తం చూస్తారు, చూసీచూడగానే పేరు వస్తుంది. నాకు ముక్కలే మిగిలాయి. తిరిగొస్తుందా అని మావారు అడిగారు. కొంతమందికి కొంత వస్తుంది, రాకపోతే వేరే దారులు పట్టుకోవాలి అంది.

ఆయన మొదటి సగమే విన్నారు. ఇంటికి వచ్చాక రోజూ ఆల్బమ్ తీసి నా ఎదురుగా కూర్చునేవారు. ఇది ఎవరు, ఇది ఎవరు. పెళ్లిఫొటోల్లో నేను చీరలని బట్టి, పక్కన నిలబడ్డవాళ్లని బట్టి చెప్పేదాన్ని. సరిగ్గా చెప్పినప్పుడల్లా ఆయన పొంగిపోయేవారు. ఆ సంతోషం చెడగొట్టలేక, చీర చూసి చెప్పానని చెప్పేదాన్ని కాదు. తప్పు అక్కడే మొదలైంది. నాకు తగ్గుతోందని ఆయన అనుకున్నారు.

సెప్టెంబరు, అక్టోబరు అలాగే నటిస్తూ గడిపాను. మందిరంలో ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ బయట నిలబడి పలకరించుకుంటారు. అందరి వైపూ నవ్వడం అలవాటు చేసుకున్నాను. ఎవరు మాట్లాడినా "బాగున్నారా, పిల్లలు బాగున్నారా" అనేదాన్ని. ఒకసారి పెళ్లికాని ఆవిడని పిల్లలు బాగున్నారా అని అడిగాను. ఇంకోసారి జబ్బులో మా ఇంటికి వారం రోజులు వంట చేసి పంపిన ఆవిడ ఎదురుగా వస్తే, పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోయాను. కరుణకి ఆస్పత్రి నుంచి వచ్చాక గర్వం వచ్చిందని మాట పుట్టింది. జనంలో ఉన్నప్పుడే ఎక్కువ ఒంటరిగా ఉండేది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటే గిన్నెలు గిన్నెల్లాగే కనబడేవి, కుర్చీ కుర్చీలాగే కనబడేది. ఏదీ నన్ను మోసం చేసేది కాదు.

మా ఆడపడుచు ఊరి నుంచి ఫోన్ చేసి, "ఎర్రగడ్డలోనే ఉన్నారుగా అన్నయ్యా, ఆ ఆస్పత్రిలో ఒకసారి చూపించరాదూ" అంది. ఫోన్లో మాట బయటికి వినబడుతుందని ఆవిడకి తెలియదు. మావారు నా ముందు కసురుకున్నారు గాని, ఆయనకీ ఆ అనుమానం ఉందని ఫోన్ పెట్టేసిన తీరులోనే తెలిసింది.

నాకూ ఉండేది. అందుకే నవంబరులో ఒకరోజు రైతుబజారుకని చెప్పి సంచీ పట్టుకుని, ఒక్కదాన్నే ఆ పిచ్చాసుపత్రి గేటు లోపలికి వెళ్లాను. ఓపీ చీటీ రాయించుకుని చెట్టు కింద బెంచి మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలావిడ కొడుకుని తీసుకొచ్చింది, అతను తనలో తను మాట్లాడుకుంటున్నాడు. ఆవిడ కమలాపండు ఒలిచి సగం కొడుక్కిచ్చి, మిగిలిన సగం నా చేతిలో పెట్టింది. నీకేంటి జబ్బు అని అడగలేదు. అంతకుముందు మూడునెలల్లో నన్ను ఏమీ అడగకుండా నా పక్కన కూర్చున్నది ఆవిడ ఒక్కతే.

లోపల డాక్టరు వయసులో చిన్నవాడు. నేను పట్టుకెళ్లిన కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. "మీకు పిచ్చి లేదమ్మా. మీ డాక్టరుగారు రాసిందే నిజం. ఇంట్లోవాళ్లకి సరిగ్గా చెప్పారా?" అన్నాడు. చెప్పానన్నాను. ఏం చెప్పానని అడిగితే, కాగితాలు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

అప్పటికే మళ్లీ స్టూడియోకి వెళ్తున్నాను. రసీదు చూడకుండా కవరు ఇచ్చే మనిషిని ఇప్పుడు రసీదు ఉన్నా తడబడేదాన్ని. యాదగిరన్న రెండు రోజులు చూసి కౌంటరు దగ్గరికి తను వచ్చి, కెమెరా నాకు వదిలేశాడు. కెమెరా దగ్గర బాగుండేది. గడ్డం కొంచెం పైకి, భుజాలు వదులుగా, ఇటు చూడండి. అక్కడ ముఖం ఎవరిదైతేనేం.

గ్రేసిని స్కూలు నుంచి తెచ్చుకోవడం నా పని. నాలుగున్నరకి గంట కొడితే ఒకే రంగు గౌన్లలో, రెండేసి జడలతో వందలమంది ఆడపిల్లలు గేటులోంచి ఒక్కసారిగా వస్తారు. మొదట్లో గ్రేసే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. ఒకరోజు రాలేదు. నేను కంగారుపడి బ్యాగు చూసి ఒక పిల్ల చెయ్యి పట్టుకుని, "పద" అన్నాను. ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది. వాళ్లమ్మ వచ్చి నా చెయ్యి విదిలించి కొట్టింది. చుట్టూ జనం. ఆ జనంలో గ్రేసి నిలబడి చూస్తోంది. నాకు తెలియదు. వాచ్‌మన్ వచ్చి నన్ను గుర్తుపట్టి గొడవ సర్దాక, గ్రేసి దగ్గరికొచ్చి నా సంచీ అంచు పట్టుకుంది.

ఇంటికొచ్చాక, రేపటి నుంచి జడలకి ఎర్ర రిబ్బన్లు కడతాను, చూడగానే తెలుస్తుంది అన్నాను. వద్దంది.

"రిబ్బను ఎవరు కట్టుకున్నా నేనే అనుకుంటావు" అంది. "నువ్వు నన్ను చూసి గుర్తుపట్టాలి."

అది అడిగినదాంట్లో తప్పేముంది? ఏ పిల్లా తల్లిని నోరు తెరిచి అడగాల్సిన పని లేని సంగతి అది.

డిసెంబరులో ఇంకొకటి జరిగింది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మావారే రాయమన్నారు.

ఆ మధ్యాహ్నం నేను లోపలి గదిలో ప్రింట్లు కత్తిరించుకుని బయటికి వచ్చేసరికి స్టూలు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. మీసం లేదు. కొత్త నీలంచొక్కా. "పాస్‌పోర్ట్ సైజాండీ?" అన్నాను. తలూపాడు. లైట్లు వేశాను. గడ్డం పైకెత్తమన్నాను, ఎత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి. లైట్లు కొత్తయితే కొంతమందికి నీళ్లొస్తాయి, తుడుచుకోమని దూది ఇచ్చాను. తుడుచుకున్నాడు. ఫొటో తీశాను. సాయంత్రం రమ్మన్నాను. ఒక్క మాట మాట్లాడకుండా లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నడకైనా నాకు తెలిసుండాలి. నేనప్పటికే కెమెరా వైపు తిరిగిపోయాను.

ఇంకో గంటకి యాదగిరన్న టీ తాగి వచ్చాడు. తెర మీద ఫొటో చూసి నవ్వబోయి, "ఏంది చెల్లె, జాన్ బాబు మీసం తీసేసిండా?" అన్నాడు.

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. ఆయనకి విషయం అర్థమయ్యాక షట్టరు సగం దించి, నాతోపాటు నేల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఫికర్ చెయ్యకు. గాయన సుత భయపడ్డడు, గంతే" అన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గొడవ పడితే బాగుండేది. ఆయన ఏమీ అనలేదు, నేనూ అనలేదు. నాకు తగ్గలేదని ఆయనకి తెలిసిపోయింది, ఇన్నాళ్లూ నటించానని కూడా తెలిసిపోయింది. పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషిని ముఖంలోకి చూసి పాస్‌పోర్ట్ సైజా అని అడిగితే, మెదడులో దెబ్బ అని డాక్టరు ఎంత చెప్పినా మనసుకి ఎక్కదు. తనంటే ఇష్టం లేకనే మర్చిపోయానని ఆయన అనుకున్నారట. తర్వాత చెప్పారు. ఆ క్రిస్మస్‌కి మందిరంలో అందరితో కలిసి ఫొటో దిగాం. ఎవరెక్కడ నిలబడ్డారో నాకు తెలియదు.

జనవరిలో పంజాగుట్ట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసువాళ్లు యాదగిరన్నని పిలిచారు. మూడో అంతస్తులో చిన్న కంపెనీ. ఉద్యోగులు వచ్చి కెమెరా ముందు నిలబడితే కంప్యూటరే ముఖం చూసి హాజరు వేసుకునే ఏర్పాటు తయారుచేస్తున్నారు. దానికి ఒక్కొక్క మనిషివీ చాలా ఫొటోలు కావాలి, ఎదురుగా, పక్కకి తిరిగి, కళ్లజోడుతో, లేకుండా, కిటికీ వెలుగులో, ట్యూబులైటు వెలుగులో. లైట్లు చూసుకోవడానికి నేనూ వెళ్లాను.

అక్కడ కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి పేరు ఉష. కాకినాడ అమ్మాయి. నన్ను చూడగానే, "నన్ను గుర్తుపట్టారా మేడమ్? మైత్రీవనంలో కోర్సు చేసినప్పుడు మీ స్టూడియోకే వచ్చేదాన్ని" అంది. అలవాటుగా, ఎందుకు గుర్తులేదు అన్నాను.

నాలుగు రోజులు పని జరిగింది. మధ్యమధ్యలో వాళ్ల ప్రోగ్రామ్ నడిపి చూసేవాళ్లు. మనిషి ఎదురుగా నిలబడగానే తెర మీద ముఖం చుట్టూ ఆకుపచ్చ గడి పడేది. గోడ మీద క్యాలెండర్లో లక్ష్మీదేవి ముఖం చుట్టూ కూడా పడింది. ఇది ముఖం అని దానికి తెలుస్తోంది, ఎవరి ముఖమో చెప్పడమే కష్టమవుతోంది. కంప్యూటరుకి ముఖం అంటే అంకెలేనట, ఎక్కడ ఎంత వెలుగుంది, ఎంత నీడుంది అని. ఆ అంకెలని దాచుకున్నవాటితో పోల్చి ఏది దగ్గరగా ఉంటే ఆ పేరు చెబుతుంది. కిటికీ తెర పక్కకి లాగగానే అంకెలు మారిపోయి, ఆఫీసు సెక్యూరిటీ పెద్దాయనని చూసి హెచ్.ఆర్. అమ్మాయి పేరు చెప్పింది. అందరూ పొట్టపట్టుకుని నవ్వారు.

"మీరు నవ్వలేదేంటి మేడమ్?" అంది ఉష, తర్వాత, ఇద్దరమే ఉన్నప్పుడు.

ఏ ధైర్యంతో చెప్పానో తెలియదు. నువ్వెవరో నాకు తెలియదమ్మా, మొన్న అబద్ధం చెప్పాను అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి అయ్యో అనలేదు. ప్రశ్నలు వేసింది. ఇప్పుడు నా ముఖంలో మీకేం కనబడుతోంది? ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు, ముక్కుపుడక, కింది పెదవి మీద పొడి చర్మం. కళ్లు పక్కకి తిప్పుకుంటే? గాటు గుర్తుంటుంది, ముక్కుపుడక గుర్తుంటుంది, నువ్వు ఉండవు.

ఉష మేము ప్రింటు తీసిచ్చిన తమ ఆఫీసువాళ్ల ఫొటోలు, జుట్టూ చొక్కా లేకుండా ఒట్టి ముఖం వరకు కత్తిరించినవి, ఒక పది తీసుకుని బల్ల మీద తలకిందులుగా పరిచింది. తిరగేసిన ముఖాలని మనుషులు సరిగ్గా గుర్తుపట్టలేరని ఎక్కడో చదివిందట. ఎప్పుడూ ప్రయత్నించలేదట. ఒకటి తీసింది, ఆలోచించింది. ఇంకొకటి తీసి ఒక పేరు చెప్పింది, తిప్పితే అది కాదు. రోజూ పక్కసీట్లో కూర్చునే స్నేహితురాలిని పోల్చుకోలేకపోయింది. నేను తీసుకుంటే, తిన్నగా ఉన్నా తలకిందులుగా ఉన్నా నాకు ఒకటే. చెవి తమ్మె చూసి, పుట్టుమచ్చ చూసి మెల్లగా మూడు చెప్పాను.

ఉష ఫొటో బల్ల మీద పెట్టేసి నా వైపు తిరిగింది.

"మీకు రోజంతా ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే."

ఇన్ని నెలల్లో మొదటిసారి, నేను చూస్తున్నది ఇంకో మనిషి కూడా చూసింది. ఒక్క అయిదు నిమిషాలే అయినా చూసింది. అది ఎంత పెద్ద సంగతో మాటల్లో పెట్టడం నాకు చేతకాదు.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి ఒక మాట అంది. "అడిగెయ్యండి మేడమ్. మా ప్రోగ్రామ్‌కి అనుమానం వస్తే పేరు చెప్పదు, ఎంప్లాయీ నంబరు కొట్టమంటుంది. తప్పు పేరు చెప్పడం కంటే అడగడమే నయమని మేమే అలా రాశాం."

ఆ శనివారం స్టూడియోలో కూర్చుని క్రిస్మస్ గ్రూపుఫొటోలోంచి ముఖాలు ఒక్కొక్కటీ కత్తిరించి ప్రింటు తీశాను. ఆదివారం భోజనాలయ్యాక మావారినీ గ్రేసినీ కూర్చోబెట్టి చాప మీద తలకిందులుగా పరిచాను. తిప్పకుండా పేర్లు చెప్పమన్నాను. గ్రేసి ఆటనుకుంది. మావారికి ఇష్టం లేదు, అయినా కూర్చున్నారు. రెండు చెప్పారు. మూడోది తప్పింది. సొంత తమ్ముడిని చూసి, మందిరంలో గిటారు వాయించే అబ్బాయి అన్నారు. ఆయనకి పట్టుదల వచ్చి ముందుకు వంగారు. ఆరో ఫొటోని చాలాసేపు చూశారు.

"పాస్టరమ్మగారా?" అన్నారు.

గ్రేసి తిప్పింది. అది నేను.

ఆయన ఆ ఫొటోని మళ్లీ తలకిందులు చేశారు, మళ్లీ తిప్పారు. అలా మూడు నాలుగు సార్లు చేశారు. తర్వాత చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నారు.

"ఆ రోజు స్టూడియోకి అలా వచ్చి ఉండాల్సింది కాదు" అన్నారు.

నేను కూడా చెప్పాను, ఆల్బమ్‌లో చీరలు చూసి చెప్పేదాన్నని. ఆయన నవ్వారో ఏడ్చారో తెలియని చప్పుడొకటి చేశారు. ఆ రోజు నుంచి ఎక్కడ ఎదురైనా ముందు "నేనే" అంటారు. వంటింట్లోకి వచ్చినా సరే. గ్రేసి రిబ్బను ఈరోజుకీ కట్టుకోలేదు. కాని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను గేటు పక్క గోడ దగ్గర కదలకుండా నిలబడాలి, అది వచ్చి నన్ను పట్టుకోవాలి. వెతికే పని దానిది. ఒక్కోరోజు ఆలస్యంగా వస్తుంది. వందలమంది పిల్లలు నా ముందునుంచి వెళ్తుంటారు, వాళ్లలో నా పిల్ల ఎవరో తెలియకుండా చూస్తూ నిలబడతాను. ఆ నాలుగు నిమిషాలు ఇప్పటికీ కష్టంగానే ఉంటాయి.

ఫిబ్రవరిలో స్టూడియోలో కౌంటరు మీద బోర్డు పెట్టాం. "మీ పేరు చెప్పండి. జబ్బు చేసినందువల్ల ఈ మేడమ్‌కి ముఖాలు గుర్తుండవు." యాదగిరన్నే పెయింటుతో రాశాడు. కొంతమంది చదివి నవ్వుకుంటారు. కొంతమంది నాతో మాట్లాడటం మానేసి ఆయనతో మాట్లాడతారు. ఒకతను అయిదుసార్లు వచ్చి అయిదుసార్లు వేరే పేరు చెప్పి సరదా పడ్డాడు. ఎక్కువమంది మాత్రం పేరు చెబుతారు, అంతే. మందిరంలో పాస్టరుగారు ఒక ఆదివారం అందరికీ చెప్పారు. ఇప్పుడు దగ్గరికొచ్చి పేరు చెప్పి చెయ్యి కలుపుతారు. వంట చేసి పంపిన ఆవిడ ఇంటికి నేనే వెళ్లాను.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. మైత్రీవనం ముందు నిలబడితే ఒకప్పుడు నిమిషానికొకరు తెలిసినవాళ్లు కనబడేవాళ్లు. ఇప్పుడు అంతా కొత్త ఊరే, రోజూ కొత్త ఊరే. హాస్టలు పిల్లలు ఊరికే వచ్చి కూర్చోవడం మానేశారు. అన్నిటికంటే మా నాన్న. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. బతికున్నవాళ్లకి గొంతుంది, నడక ఉంది, చేతులున్నాయి. నాన్నకి నా దగ్గర మిగిలింది ఫొటో ఒక్కటే. దాన్ని చూస్తే చారల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి కనబడతాడు. తీసేయలేదు. రోజూ తుడిచి పెడతాను.

మార్చిలో రాజ్యలక్ష్మిగారని ఒకావిడ ఏదో దరఖాస్తుకి ఫొటో తీయించుకోవడానికి వచ్చి, బోర్డు రెండుసార్లు చదివి వెళ్లారు. మర్నాడు మళ్లీ వచ్చారు. పేరు చెప్పారు. వాళ్లాయన సూర్యనారాయణగారు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారట. పక్షవాతం వచ్చి తగ్గింది, కాలూ చెయ్యీ వచ్చేశాయి, ముఖాలు మాత్రం పోయాయి.

"బయటికి రావడం మానేశారమ్మా. చదువు చెప్పిన పిల్లలు ఎదురొచ్చి నమస్కారం పెడితే, ఎవరో తెలియక ఇంటికొచ్చి కూర్చుంటారు. మీలాంటి మనిషి ఇంకొకరున్నారంటే నమ్మడం లేదు. ఒక్కసారి మాట్లాడతారా?"

శనివారం పదింటికి పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక టిఫిన్ హోటల్లో కలుద్దామనుకున్నాం. ఆవిడ ఆయన్ని అక్కడ దింపి, పక్కనే ల్యాబులో రిపోర్టులు తెచ్చుకుని వస్తానన్నారు. తెల్లచొక్కా, కళ్లజోడు, తెల్ల జుట్టు అని గుర్తులు చెప్పారు. నేను ఆకుపచ్చ చీర కట్టుకొస్తానన్నాను.

నేను పదికల్లా వెళ్లి కూర్చున్నాను. హోటలు నిండా జనం. తెల్లచొక్కాలు ఏడెనిమిది ఉన్నాయి, కళ్లజోళ్లకి లెక్కేలేదు, తెల్ల జుట్టు వాళ్లు నలుగురు. ఆకుపచ్చ చీరలు నాతో కలిపి మూడు. ఒక్కొక్కరి వైపూ చూస్తూ అరగంట కూర్చున్నాను. ఎవరైనా నన్ను చూసి లేస్తారని ఎదురుచూశాను. ఎవరూ లేవలేదు. ఆయన రాలేదనుకున్నాను. సంచీ తీసుకుని లేచి నిలబడ్డాక, ఆయన కూడా ఇలాగే కూర్చుని ఉండొచ్చని తట్టింది.

అడిగేశాను, హోటల్లో అందరికీ వినబడేలా.

"ముఖాలు గుర్తుపట్టలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ ఇక్కడ?"

ప్లేట్ల చప్పుడు ఆగింది. అందరూ నా వైపు తిరిగారు. నా ఎడమచేతి వైపు, మూరెడు దూరంలో ఉన్న పక్క టేబుల్ నుంచి ఒక చెయ్యి లేచింది. వేళ్లకి చట్నీ అంటుకుని ఉంది.

"నేనమ్మా" అన్నారాయన. "సూర్యనారాయణని."